ఆదివారం ముప్పై ఐదు మంది వచ్చే బాప్టిస్టు సంఘం: విశ్వాసంలో బలపరచడం, సువార్తకు కదిలించడం ఎలా?

వందనాలు అయ్యగారూ. చదివేవాళ్ళకు వీలుగా ముందు మీ ప్రశ్నను కుదించి చెప్తాను. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో మీరు కాపరిగా (పాస్టరుగా) ఉన్న సంఘం. రిజిస్టరులో అరవై పైచిలుకు పేర్లు, ఆదివారం వచ్చేది ముప్పై ఐదు మంది. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోయారు. ఈమధ్య బాప్తిస్మాలు లేవు. పెద్దలు "ఇక మన సంఘం ఇంతే" అంటున్నారు. వీళ్ళను విశ్వాసంలో ఎలా నిలబెట్టాలి, సువార్త పనికి ఎలా కదిలించాలి, మూడు రోజుల సువార్త మహాసభలు పెడితే ఫలితం ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మహాసభలు ఇప్పుడు వద్దు. టెంటు, మైకు, లైట్లు, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడు, మూడు రాత్రుల భోజనాలు, వీటన్నిటి ఖర్చూ ఈ ముప్పై ఐదు మంది మీదే పడుతుంది. సభకు వచ్చేవాళ్ళు చాలావరకు చుట్టుపక్కల సంఘాల విశ్వాసులే. నాలుగో రోజున మీ సంఘానికి మిగిలేది అలసట, కొంత అప్పు. చిన్న సంఘం డీలా పడటానికి ఎక్కువసార్లు కారణం భక్తి తగ్గడం కాదు, చేతిలో పని లేకపోవడం. ప్రార్థన పాస్టరు గారు చేస్తారు, ప్రసంగం ఆయనే, రోగిని చూడటానికీ ఆయనే వెళ్తారు. మిగతావాళ్ళు వచ్చి కూర్చుని వెళ్తారు. ఎన్నేళ్ళు కూర్చున్నా కూర్చోవడం వల్ల ధైర్యం రాదు. ఎఫెసీ 4:11, 12 చూడండి, కాపరిని ఇచ్చింది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడానికి. విశ్వాసులందరూ యాజకులే అని బాప్టిస్టులం గట్టిగా చెప్తాం. ఆ మాట ఆదివారం ప్రసంగంలో ఉండి సోమవారం పనిలో లేకపోవడమే జబ్బు.

మీ పెద్దలకు వాళ్ళ చరిత్రే చెప్పండి, అది మీ జిల్లాదే. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళ తరబడి ఫలితం కనపడక ఆయన్ను పంపిన అమెరికా మిషన్ బోర్డు ఈ పని మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు చర్చించింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవాళ్ళు ఐదుగురు: మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలు సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న, ఎనిమిది మందితో. మీ దగ్గర ముప్పై ఐదు మంది ఉన్నారు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ సంఖ్య చెప్పి ఆగిపోతే జనం గుంపుల కోసం కలలు కంటారు. దాని వెనక రెండు సంగతులు ఉన్నాయి, వాటిమీద ఎక్కువసేపు ఉండండి. మొదటిది, తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి, భార్య నాగమ్మ. 1866లో బాప్తిస్మం పొందాక తన బంధువులకు, తను వ్యాపారానికి పోయే పల్లెల్లోని తనవాళ్ళకు చెప్పుకుంటూ పోయాడు. సువార్త చుట్టరికాల దారిలో నడిచింది, వేదికల మీద కాదు. రెండోది, 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం నీళ్ళలోకి దిగేవాళ్ళు వద్దనే. నూట యాభై ఏళ్ళ తర్వాత మనకూ ఈ రెండు సూత్రాలు చాలు.

ఇప్పుడు పని. మొదటి నెలలో కొత్త కార్యక్రమం ఏదీ ప్రకటించకండి. రిజిస్టరు తీసి ఇద్దరు పరిచారకులతో (డీకన్లతో) కూర్చుని ఒక్కో పేరు చదవండి. క్రమంగా వచ్చేవాళ్ళు, పండగలకు వచ్చేవాళ్ళు, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు, ఊళ్ళోనే ఉండి మానేసినవాళ్ళు అని నాలుగు కాగితాలు రాయండి. నాలుగో కాగితం అందరికంటే ముఖ్యం. మానేసినవాళ్ళలో విశ్వాసం వదిలేసినవాళ్ళు తక్కువ. పెళ్ళి దగ్గరో, సమాధి స్థలం దగ్గరో, లెక్కల దగ్గరో మాట పడి మనసు విరిగినవాళ్ళే ఎక్కువ ఉంటారు.

ఇళ్ళకు వెళ్ళి పలకరించే దర్శనాలకు వారానికి నాలుగు ఇళ్ళు చాలు. ఒంటరిగా వెళ్ళకండి, అమ్మగారితోనో ఒక పరిచారకుడితోనో వెళ్ళండి. వేళ చూసుకోండి. మిరపకోతల రోజుల్లో, పొగాకు బ్యారన్లు కాలుతున్న రోజుల్లో మనుషులు చీకటితో లేచి పనికి పోతారు, రాత్రి ఏడున్నర దాటాక గాని ఇంట్లో కుదురుగా ఉండరు. వండుకునే వేళకు వెళ్తే ఆ ఇల్లాలు మీ మాట వినలేదు, మిమ్మల్ని పొమ్మననూ లేదు. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు కూర్చోండి. మొదట వాళ్ళు చెప్పేది వినండి. "గుడికి ఎందుకు రావట్లేదు" అని అడిగితే సాకు వస్తుంది. "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, దేని గురించి ప్రార్థన చేయమంటారు" అని అడిగితే అసలు సంగతి వస్తుంది. ఐదారు వచనాలు చదివి, వాళ్ళు చెప్పిన విషయాల పేర్లు పెట్టి ప్రార్థన చేసి లేవండి. కానుకల ప్రస్తావన తేవద్దు, పక్కింటివాళ్ళ సంగతి అంతకన్నా వద్దు. ఇల్లు దాటాక నోటుబుక్కులో తేదీ, ప్రార్థన అంశం రాసుకోండి. మూడు వారాల తర్వాత "మీ అబ్బాయి పరీక్ష ఏమైందమ్మా" అని పేరు పెట్టి అడిగితే, ఆ ఇంటికి అదే పెద్ద ప్రసంగం.

ప్రసంగాల విషయానికి వస్తే, ప్రతి ఆదివారం "మనం మేలుకోవాలి, మనం కదలాలి" అని గద్దించడం వెంటనే మానేయండి. వచ్చినవాళ్ళను రానివాళ్ళ కోసం తిట్టినట్టు ఉంటుంది. మొదటి థెస్సలొనీకయుల పత్రిక వరసగా చెప్పండి. ఐదు అధ్యాయాలు, 89 వచనాలు, ఎనిమిది ఆదివారాలకు సరిగ్గా సరిపోతుంది: 1:1-10, 2:1-12, 2:13-20, 3:1-13, 4:1-12, 4:13-18, 5:1-11, 5:12-28. కొత్తగా పుట్టి, శ్రమల్లో ఉన్న చిన్న సంఘానికి రాసిన పత్రిక అది. అపొస్తలుల కార్యములు 17లో పౌలు అక్కడి సమాజమందిరంలో మూడు విశ్రాంతి దినాలు వాదించాడనే ఉంది. అంత లేత సంఘం నుంచే వాక్యం చుట్టూ మారుమోగిందని 1:8 చెప్తుంది. రోషం పుట్టించాల్సింది అలాంటి చోటు నుంచి. చనిపోయినవాళ్ళ గురించిన 4:13-18 వచ్చే వారం ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలను ముందుగా ఇంటికి వెళ్ళి పిలవండి. ఆ తర్వాత హగ్గయి 2, ప్రకటన 3:7-13 చెప్పుకోవచ్చు. ఒక్కో ప్రసంగం అరగంట. చివర వారమంతా చేయదగ్గ ఒకే ఒక్క పని చెప్పండి, వచ్చే ఆదివారం అది ఏమైందో అడగండి.

ఆరాధన చెప్పిన వేళకు మొదలవ్వాలి, ఎనిమిది మందే ఉన్నా సరే. ఆలస్యంగా మొదలుపెడితే వేళకు వచ్చినవాళ్ళే నష్టపోతారు, రెండు నెలల్లో వాళ్ళూ ఆలస్యం చేస్తారు. గంటా నలభై ఐదు నిమిషాల్లో ముగించండి. వంద మంది పట్టే మందిరంలో ముప్పై ఐదు మంది గోడలకు ఆనుకుని చెల్లాచెదురుగా కూర్చుంటే మనసు కుంగుతుంది. వెనక కుర్చీలు తీసేసి ముందుకు జరపండి. ఈ కొద్దిమందికి పెద్ద స్పీకరు బాక్సులు అక్కర్లేదు. రేకుల కప్పు కింద మైకు ఎక్కువ పెడితే మాటలు కలిసిపోయి వెనకవాళ్ళకు అర్థం కావు, బయట ఇరుగుపొరుగుకు మాత్రం చిరాకు. పాటల్లో రెండు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి, రెండు కొత్తవి పెట్టుకోండి. శృతి కొంచెం తగ్గించండి. కీబోర్డు అబ్బాయి తన గొంతుకు సరిపోయే శృతి పెడితే ఆడవాళ్ళు సగంలో ఆపేస్తారు. చదువు రాని పెద్దవాళ్ళున్నారు కాబట్టి చరణం చరణం చెప్పి పాడించండి.

పని పంచడం దగ్గర చాలా సంఘాలు తప్పటడుగు వేస్తాయి. "ఎవరైనా ముందుకు రండి" అని ప్రకటిస్తే ఎప్పుడూ వచ్చే ఆ ముగ్గురే వస్తారు. అలా కాదు. ముందే పన్నెండు పనులు రాసుకోండి: వాక్య పఠనం, పాటలు, చాపలు కుర్చీలు, సండే స్కూలు, రోగుల దర్శనం, కొత్తవాళ్ళను పలకరించడం, కానుక లెక్క, ప్రభు బల్ల ఏర్పాటు, ప్రార్థన అంశాల పుస్తకం, ఊరు విడిచినవాళ్ళకు ఫోన్లు, గృహ కూడికల ఏర్పాటు, మందిరం శుభ్రం. ఒక్కో పనికి తగిన మనిషిని ఇంటికి వెళ్ళి, పేరు పెట్టి, "మూడు నెలలు ఇది నువ్వు చెయ్యాలమ్మా" అని అడగండి. గడువు చెప్పడం ముఖ్యం. జీవితకాలం అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్ళు తర్వాత వదిలిపెట్టరు. వాక్య పఠనం తడబడుతూ చదివే అబ్బాయికే ఇవ్వండి, కాని శనివారం సాయంత్రం అతనితో రెండుసార్లు చదివించండి. సాధన చేయించకుండా నిలబెడితే నలుగురిలో నవ్వులపాలై మళ్ళీ రాడు, ఆ తప్పు అతనిది కాదు.

ఇవన్నీ సంఘ సర్వసభ్య సమావేశంలో పెట్టి ఒప్పించుకోండి. మన సంఘాల్లో నిర్ణయం సంఘానిదే. కాపరి ఒక్కడే తీసుకున్న నిర్ణయం ఆయన బదిలీతోనే పోతుంది.

సువార్త పనికి మొదటి మెట్టు గృహ కూడిక. వారానికి ఒక రాత్రి, వీధికి ఒక ఇల్లు, నలభై ఐదు నిమిషాలు. ఒక పాట, పది నిమిషాలు ఒక వాక్యభాగం మీద మాటలు, ఒకరి సాక్ష్యం, ప్రార్థన. మార్కు సువార్త మంచిది, కథనంగా సాగుతుంది, బైబిలు తెలియనివాళ్ళకూ అందుతుంది. ఇంటివాళ్ళు తమ ఇరుగుపొరుగులో ఒక్క కుటుంబాన్ని ముందే పిలవాలి, అది వాళ్ళ బాధ్యత. వచ్చిన అతిథిని లేపి మాట్లాడించకండి, కానుక సంచి తిప్పకండి. ఇక్కడ చెడేది ఎక్కువగా ఫలహారం దగ్గరే. మొదటి ఇంట్లో టీ, రెండో ఇంట్లో ఉప్మా, మూడో ఇంట్లో వడలు, నాలుగో ఇంట్లో బిర్యానీ. ఐదో ఇల్లు కూలి చేసుకునే ఒంటరి తల్లిది. ఆమె "ఈ నెల కుదరదు అయ్యగారూ" అంటుంది. కారణం ఎప్పటికీ చెప్పదు. అందుకని మొదటి వారమే సంఘంలో తీర్మానం చేయండి: టీ, రెండు బిస్కెట్లు, అంతకు మించి ఎవరూ పెట్టకూడదు. డబ్బున్న ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

సాక్ష్యం చెప్పడం నేర్పించాలి. మూడు నిమిషాలు: ముందు నా స్థితి ఏమిటి, ప్రభువు నాకు ఎలా తెలిశాడు, ఇప్పుడు నా బతుకులో ఏం మారింది. సెల్‌ఫోన్లో మూడు నిమిషాలు పెట్టి ఇద్దరిద్దరుగా ఒకరికొకరు చెప్పుకోమనండి. "రక్షణ", "మారుమనస్సు", "అభిషేకం" లాంటి మాటలు హిందూ పొరుగువారికి మనం అనుకునే అర్థంలో చేరవు, వాటి బదులు జరిగింది చెప్పమనండి. ఎదుటివారి దేవుళ్ళను, పూజలను ఒక్క మాట కూడా అనకూడదు. అది ప్రభువు పద్ధతి కాదు. యోహాను 4లో సమరయ స్త్రీతో ఆయన ఎంత మర్యాదగా మాట్లాడాడో చూపించండి. 1 పేతురు 3:15లో సమాధానం చెప్పమన్నది సాత్వికంతో, భయంతో. ప్రతి విశ్వాసీ ముగ్గురి పేర్లు రాసుకుని మూడు నెలలు రోజూ ప్రార్థించాలి: ఒక బంధువు, ఒక ఇరుగుపొరుగు, పనిలో తోటివాళ్ళు ఒకరు. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ మనిషి కష్టంలో ఉంటే ముందు వెళ్ళేది మీ విశ్వాసే అవుతాడు. అక్కడి నుంచి మాట తనంతట తనే వస్తుంది.

పొదుపు సంఘం మీటింగుల్లో, ఉపాధి హామీ పని దగ్గర, అంగన్‌వాడీలో మతప్రచారం వద్దని మన ఆడవాళ్ళకు స్పష్టంగా చెప్పండి. స్నేహం ఎక్కడైనా చేసుకోవచ్చు, ప్రబోధం మాత్రం ఇంటికి పిలిచి చెప్పాలి.

రోగుల కోసం ప్రార్థన మన పల్లెల్లో సువార్తకు పెద్ద తలుపు. ఆ తలుపు దగ్గరే ప్రాణాలు కూడా పోతున్నాయి, అందుకే ఈ మాట కటువుగా చెప్తున్నాను. ప్రార్థన చేశాం కదా అని బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు ఆపమని ఎవరూ, ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గగానే "స్వస్థత వచ్చింది" అని ఆపితే జబ్బు మొండిదై తిరిగొస్తుంది, ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. మీ రోగుల దర్శనం బృందం ప్రార్థనతోపాటు మాత్రలు ఎన్ని మిగిలాయో కూడా చూడాలి, ఆసుపత్రికి తోడు వెళ్ళాలి. బాగవుతావని మాట ఇవ్వకండి. బియ్యం, డబ్బు, పిల్లల ఫీజు ఏదైనా ఇవ్వదలిస్తే సంఘానికి వచ్చినా రాకపోయినా ఇవ్వండి, సువార్త చెప్పిన పూట ఇవ్వకండి. కరువులో బాప్తిస్మాలు ఎందుకు ఆపారో ఇందాక చెప్పాను.

పిల్లల పని. సండే స్కూలు ఆరాధనకు ముందు నలభై ఐదు నిమిషాలు, ఏడేళ్ళలోపు ఒక గుంపు, పైవాళ్ళు ఒక గుంపు. ప్రతి గుంపుకూ ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒకరైనా ఆడవాళ్ళు ఉండాలి. ఏ పిల్లనూ ఏ పెద్దమనిషీ, కాపరితో సహా, మూసిన గదిలో ఒంటరిగా కలవకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసీ దాచడం నేరమే. "సంఘం పరువు" అనే మాట ఇక్కడ చెల్లదు. మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) పెడితే ఐదు రోజులు, పొద్దున 7 నుంచి 10 వరకు, పదిన్నరకల్లా పిల్లలు ఇంట్లో ఉండాలి. మజ్జిగో రాగిజావో ఇవ్వండి. హిందూ కుటుంబాల పిల్లలు వస్తే "ఇది బైబిలు తరగతి, బైబిలు కథలు, పాటలు చెప్తాం" అని తల్లిదండ్రులకు ముందే చెప్పి చీటీ మీద సంతకం తీసుకోండి. ట్యూషను అని పిలిచి బైబిలు చెప్పడం అబద్ధం. అది బయటపడిన రోజు ఊరి నమ్మకం పోతుంది, పోవాలి కూడా.

శబ్దం విషయంలో చట్టం తేటగా ఉంది: 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, పగలైనా అనుమతి కావాలి, నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఉపవాస ప్రార్థనలు, తెల్లవారుజాము ప్రార్థనలు మైకు లేకుండానే చేసుకోండి. దేవుడికి మైకు అక్కర్లేదు, పొరుగింట్లో పరీక్షలకు చదివే పిల్ల ఉంటుంది. గుళ్ళ దగ్గర, జాతరల్లో కరపత్రాలు పంచకండి.

బాప్తిస్మం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొందరపాటు ఇక్కడే ఎక్కువ. కోరుకున్నవాళ్ళకు పది వారాల తరగతి పెట్టండి, వారానికి గంట: దేవుడు, పాపం, క్రీస్తు మరణ పునరుత్థానాలు, విశ్వాసం, బాప్తిస్మం అర్థం (రోమా 6:3, 4 దగ్గర ఒక వారం పూర్తిగా ఉండండి), ప్రార్థన, బైబిలు చదవడం, సంఘం, ప్రభు బల్ల, కుటుంబంలో సాక్ష్యం. తర్వాత సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, సంఘం ఆమోదించాలి. భర్తకో తల్లిదండ్రులకో తెలియకుండా రహస్యంగా బాప్తిస్మం ఇవ్వకండి. మైనర్లయితే తల్లిదండ్రుల ఒప్పుదల లేనిదే అసలు వద్దు. పెళ్ళి సంబంధం కోసం బాప్తిస్మం అడిగేవాళ్ళకు కూడా పది వారాలు పది వారాలే.

కుల ధృవీకరణ సంగతి దాచకండి. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద వస్తారు, దానికి ఉన్నది 1 శాతం రిజర్వేషను. ఉద్యోగం, పిల్లల సీటు, స్కాలర్‌షిప్పు అన్నీ దీనిమీద ఆధారపడతాయి. తరగతి మొదటి వారంలోనే ఈ మాట చెప్పి ఆలోచించుకోమనండి. కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకోమని సలహా ఇచ్చే కాపరి ఆ మనిషికి మేలు చేయడం లేదు. వెల తెలిసి నిర్ణయం తీసుకున్నవాళ్ళే నిలబడతారు, లూకా 14:28 చెప్తున్నది అదే.

ఇక నీళ్ళు. తొట్టి కట్టిస్తే లోపల 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, నీళ్ళు మూడున్నర అడుగుల ఎత్తు సరిపోతాయి. అది సుమారు 2,400 లీటర్లు. మెట్లు జారకుండా గరుకుగా చేయించి పట్టుకోవడానికి పైపు పెట్టండి. బాప్తిస్మం అయిన రోజే నీళ్ళు తీసేయండి. నిండిన తొట్టి ఆడుకునే పిల్లలకు ప్రమాదం. ఏటికి వెళ్తే ముందురోజు మీరే దిగి అడుగు చూడండి, ఇసుక తవ్విన గుంటలు పైకి కనపడవు. నడుము లోతు చాలు. సాగర్ కాలువలో వద్దు, సిమెంటు వాలు పాచి పట్టి జారుతుంది, ఒరవడి ఎక్కువ. వ్యక్తి తల ప్రవాహం వచ్చే వైపు ఉండేలా వెనక్కి వంచండి, అప్పుడు నీళ్ళు తల నుంచి కాళ్ళ వైపు పారతాయి, ముక్కులోకి ఎక్కవు, లేపడమూ తేలిక. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకో చెయ్యి వాళ్ళ జోడించిన చేతుల మీద. ముక్కుకు చేతిరుమాలు అడ్డం. మోకాళ్ళు వంచమని ముందు గట్టుమీద ఒకసారి సాధన చేయించండి. బిగుసుకుపోయిన మనిషిని ముంచలేక సగంలో తడబడటం తరచూ జరుగుతుంది. భారీకాయులకు, వృద్ధులకు ఒక పరిచారకుడు తోడు దిగాలి. ఆడవాళ్ళకు ముదురు రంగు బట్టలు, చీరకు పిన్నులు. గట్టున ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ళు దుప్పట్లతో సిద్ధంగా ఉండాలి. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. తడిసిన బట్టల్లో ఉన్న ఆడపిల్ల గౌరవం, కొత్త విశ్వాసి ఇంటి శాంతి రెండూ మీ స్టేటస్ కంటే విలువైనవి.

బాప్తిస్మం తర్వాత మొదటి ఆరు నెలలే జారిపోయే కాలం. నీళ్ళు దాటగానే అందరూ అభినందించి వెళ్ళిపోతారు. ఇంటికెళ్ళాక పండగ వస్తుంది, చావు వస్తుంది, బంధువుల ముందు ఏం చేయాలో ఆ మనిషికి తెలియదు. ప్రతి కొత్త విశ్వాసికీ సంఘంలో ఒక కుటుంబాన్ని జత చేయండి. వారానికి ఒకసారి కలిసి భోజనం, ప్రార్థన. మూడో నెలలో ఆ పన్నెండు పనుల్లో ఒకటి ఇవ్వండి.

డబ్బు గురించి క్లుప్తంగా. కానుక ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి, నెల లెక్క బోర్డు మీద పెట్టాలి. వచ్చినదాంట్లో పదో వంతు సువార్త పనికి పక్కన పెట్టండి. నెలకు 10,000 వస్తే 1,000. చిన్న మొత్తమే అయినా గృహ కూడికలకు, రోగుల ప్రయాణాలకు సరిపోతుంది, పైగా ఇది మన డబ్బు అన్న గౌరవం ఉంటుంది. ఫోన్లో పరిచయమైన విదేశీ దాత పంపుతానంటే ఆశపడకండి. 2010 విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు, ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఎస్బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. మీ సొంత ఖాతాలో వేయించుకుంటే ఇబ్బందుల్లో పడేది మీరే.

ఊరు విడిచిన పిల్లలను పోయినవాళ్ళుగా లెక్కవేయకండి. ఎవరు ఏ నగరంలో, ఏ హాస్టల్లో ఉన్నారో రాసుకుని, దగ్గర్లోని తెలుగు సంఘం కాపరికి మీరే ఫోన్ చేసి అప్పగించండి. "మనవాళ్ళు వేరే సంఘానికి పోతారేమో" అని వెనకాడితే ఏ సంఘానికీ పోకుండా పోతారు. నెలకోసారి ఒక పెద్దావిడ ఫోన్ చేసి ప్రార్థన చేస్తే చాలు. ఆ పని నడవలేని వృద్ధురాలికి ఇవ్వండి, మీ సంఘంలో ఆమె కంటే బాగా చేసేవాళ్ళు ఉండరు.

చివరగా, మీరు అడగనిది ఒకటి. మన పల్లె సంఘాల్లో చాలావరకు ఒకే కులంవాళ్ళు ఉంటారు, రోడ్డుకు అవతల ఇంకో పల్లె, ఇంకో మందిరం. ఒక పల్లెవాళ్ళు ఇంకో పల్లె సమాధుల తోటకు కూడా రారు. ఇది కదలకుండా బయటివాళ్ళకు ఏ సువార్త చెప్పినా వాళ్ళు మన మాట కంటే మన వరసలనే చూస్తారు. తరాల నాటి గోడ ఒక్క ప్రసంగంతో కూలదు. అవతలి కాపరితో మీరు ముందు స్నేహం చేసుకోండి. మంచి శుక్రవారం రెండు సంఘాలూ ఒకే చోట కూడండి, ఆ మధ్యాహ్నం భోజనానికి ఒకే పంక్తిలో కూర్చోండి, వంట రెండు పల్లెల ఆడవాళ్ళూ కలిసి చేయాలి. వంట వేర్వేరుగా చేసి తెచ్చుకుంటామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎవరి సంఘాన్నీ చీల్చి మీవైపు తెచ్చుకోకండి, పక్క సంఘం సభ్యుడు అలిగి వస్తే ఆ కాపరితో మాట్లాడకుండా రిజిస్టరులో పేరు రాయకండి.

దర్శనాలతో మొదటి మూడు నెలలు గడవనివ్వండి, నాలుగో నెలలో పనుల పంపకం, ఐదో నెలలో రెండే రెండు గృహ కూడికలు. కోతల కాలం మొదలయ్యే ముందే మొదలుపెట్టేలా లెక్క చూసుకోండి, లేకపోతే రెండో వారానికే ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి.